యంత్రం మాట నేర్పగలదా?

పిల్లలూ!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఒక్కసారి చుట్టూ చూడండి. ఎటు చూసినా బోర్డులే! ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతామని ఒక బోర్డు, జర్మన్ నేర్పుతామని ఇంకొక బోర్డు, విదేశాలకు వెళ్ళే పరీక్షకు తయారు చేస్తామని మరొకటి. ఆ బోర్డుల కింద నడిచిపోయే జనం చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఆ ఫోన్లలో కూడా భాషలు నేర్పే పాఠాలున్నాయి. మనిషీ నేర్పుతానంటున్నాడు, యంత్రమూ నేర్పుతానంటున్నది. యంత్రం చెప్పే మాటలో నిజమెంత? ఈ నెల ఆ సంగతి చెప్పుకొందాం.

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఇంట్లో తెలుగు తప్ప మరొక మాట వినని పిల్ల బడికి వెళ్ళి ఇంగ్లీషు పుస్తకం తెరవాలి. జవాబు తెలిసి కూడా నోట రాక తల వంచుకొని కూర్చొనే పిల్లలను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. వాళ్ళకు తెలివి తక్కువా అంటే, కాదు. తప్పు పలికితే నలుగురూ నవ్వుతారేమోనని భయం. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళుంటే తప్పు దిద్దుతారు. అలాటి వాళ్ళు లేని ఇంట్లో ఎవరు దిద్దాలి? అప్పో సప్పో చేసి తల్లిదండ్రులు ఫోను కొని ఇస్తున్నది ఆ పని అదైనా చేస్తుందేమోననే ఆశతోనే. ఆ ఆశ వమ్ము కాకుండా ఉండాలంటే, యంత్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో మనకు తెలిసి ఉండాలి.

యంత్రంతో మాట నేర్పాలనే ఆలోచన కొత్తది కాదు. థామస్ ఎడిసన్ 1877లో గొంతును పట్టి దాచే ఫోనోగ్రాఫు తయారు చేశాడు. మరుసటి సంవత్సరమే, దానితో చేయదగిన పనుల పట్టీ ఒకటి రాశాడు. చక్కగా మాట్లాడటం నేర్పటం, భాషలను పలికే తీరు చెడకుండా భద్రపరచటం ఆ పట్టీలో ఉన్నాయి. 1901లో లండన్‌లో జాక్ రోస్టన్ అనే ఆయన లింగ్వాఫోన్ సంస్థ పెట్టి, పరభాషల పాఠాలను గొంతుతో సహా ఇళ్ళకు పంపసాగాడు.

తరవాత 1957లో రష్యావాళ్ళు స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపారు. దానితో అమెరికా ఉలిక్కిపడింది. తమ చదువులు వెనకబడిపోతున్నాయని 1958లో వాళ్ళొక చట్టం చేసి, లెక్కలకూ సైన్సుకూ తోడు పరభాషలకు కూడా డబ్బు కేటాయించారు. ఆ డబ్బుతో ఎన్నో బడుల్లో భాషా ప్రయోగశాలలు వెలిశాయి. పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, టేపు చెప్పిన మాటను తిరిగి చెప్పేవాళ్ళు.

సరిగ్గా ఆ 1958లోనే మన హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఏర్పడింది. ఇంగ్లీషు ఎలా నేర్పాలో ఉపాధ్యాయులకు నేర్పటం దాని పని. 1972లో పరభాషలు కూడా చేరి దాని పేరు పెరిగింది. 2007లో అదే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం అయింది. తార్నాక వైపు వెళ్ళినప్పుడు దాన్ని చూడవచ్చు. పరభాషలు ఎలా నేర్పాలనే ఆలోచనకు మన ఊళ్ళో ఇంత వయసున్నదన్నమాట!

సరే, ఇక అసలు ప్రశ్నకు వద్దాం. యంత్రం వినిపిస్తుంది. వింటే చాలా? వింటే భాష వస్తుందా?

దీనికి మెట్రో రైలే మంచి ఉదాహరణ. ఎల్బీనగర్ దాకా రైలు 2018 సెప్టెంబరులో వచ్చింది. ఎల్బీనగర్‌లో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ అని వరసగా స్టేషన్లు వస్తాయి. రాబోయే స్టేషను పేరు రైలు మూడు భాషల్లో చెబుతుంది. తెలుగులో చెప్పిన సంగతినే హిందీలోనూ, ఇంగ్లీషులోనూ చెబుతుంది. రోజూ రాకపోకలు చేసేవాళ్ళు ఆ మాటలను ఏడాదికి కొన్ని వేల సార్లు వింటారు. వాళ్ళలో ఒకరిని ఆపి, “అయ్యా, ఆ హిందీ వాక్యం ఒకసారి చెప్పండి,” అని అడిగి చూడండి. చాలామంది తెల్లబోతారు. విన్నారు గాని, దాన్ని మనసులోంచి బయటికి తీయవలసిన అవసరం వాళ్ళకు ఎన్నడూ రాలేదు.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు పరీక్ష పెట్టి తేల్చారు. కార్పికి, రోడిగర్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థులకు నలభై స్వాహిలీ మాటలు నేర్పారు. స్వాహిలీ తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే భాష. ఒకసారి మాట సరిగ్గా చెప్పగలిగాక, కొందరికి దాన్ని మళ్ళీ మళ్ళీ చూపారేగాని అడగటం మానేశారు. మరికొందరిని మాత్రం, వచ్చిన మాటే అయినా, అడుగుతూనే పోయారు. వారం తరవాత పరీక్ష పెడితే ఏమైందో తెలుసా? అడుగుతూ పోయినవాళ్ళకు నూటికి 80 మాటల వంతున గుర్తున్నాయి. చూస్తూ పోయినవాళ్ళకు సుమారు 35 మాటల వంతుననే మిగిలాయి! ఈ ఫలితాలు 2008లో అచ్చయినాయి. ఇందులో ఇంకొక వింత ఉన్నది. వారం తరవాత ఎన్ని గుర్తుంటాయనుకొంటున్నారని ముందే అడిగితే, రెండు రకాల వాళ్ళూ ఇంచుమించు ఒకే లెక్క చెప్పారు. అంటే, ఏ పద్ధతి తమకు మేలు చేస్తున్నదో నేర్చుకొనేవాడికే తెలియదన్నమాట.

కాబట్టి మొదటి సూత్రం ఇది: యంత్రం చెప్పకముందే మీరు చెప్పాలి. రైల్లో తెలుగు ప్రకటన కాగానే, తక్కిన రెండు భాషల్లో అది ఎలా వస్తుందో మెల్లగా అనుకోండి. తరవాత రైలు చెప్పేదానితో సరిచూసుకోండి. నాలుగు స్టేషన్లు దాటేసరికి మీకే తేడా తెలుస్తుంది.

ఇక రెండో సంగతి చెవిది. మాట పలకటం నోటి పని అనుకొంటాం గాని, ముందు చెవి పట్టుకొంటే గదా నోరు పలికేది! 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనేవాళ్ళు పసిపిల్లల చెవులను పరీక్షించారు. అందుకు వాళ్ళు వాడిన శబ్దాల్లో మన “ట”, “త” కూడా ఉన్నాయి. ఇవి హిందీలోనూ ఉన్నవే. ఇంగ్లీషులో మాత్రం ఈ రెంటికీ తేడా లేదు. శబ్దం “త” నుంచి “ట”కు మారినప్పుడు బిడ్డ తల తిప్పితే, ఒక ఆటబొమ్మ కనబడేలా ఏర్పాటు చేశారు. ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళలో పుట్టిన ఆరు, ఎనిమిది నెలల బిడ్డలు చాలామంది ఆ తేడా పట్టేశారు! కాని పది, పన్నెండు నెలల వయసు బిడ్డలు పట్టలేకపోయారు. ఇంట్లో వినబడని తేడాను చెవి ఏడాది నిండకుండానే వదిలేస్తుంది.

మన చెవి కూడా అంతే. ఇంగ్లీషులో “వెస్ట్” అంటే పడమర. “వెస్ట్” అంటే బనియను కూడా. రెండూ ఒకటే గదా అంటారా? మన లిపిలో ఒకటే, వాళ్ళ నోట వేరు. బనియనుకు పై పళ్ళు కింది పెదవికి తగలాలి. పడమరకు పళ్ళు తగలకూడదు. ఈల వేయబోయేవాడిలాగా పెదవులు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు నిలబడి రెండూ చెప్పి చూడండి. మన “వ” ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది.

మరి వదిలేసిన తేడాను చెవి మళ్ళీ నేర్చుకోగలదా? నేర్చుకోగలదు, ఇక్కడే యంత్రం బాగా పనికి వస్తుంది. జపాను వాళ్ళకు “ర”, “ల” తేడా పట్టటం మహా కష్టం. 1991లో ఇండియానా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు జపానువాళ్ళకు “రాక్”, “లాక్” లాటి జంటమాటలు మూడు వారాలపాటు వినిపించి, ఏది ఏదో చెప్పించారు. తప్పో ఒప్పో యంత్రం అప్పటికప్పుడే తెలియజేసేది. మాటలు పలికినది ఒక్కరు కాదు, అయిదుగురు. తేడా పట్టటంలో వాళ్ళు మెరుగుపడ్డారు, కొత్త గొంతు వినిపించినా పట్టగలిగారు. 1993లో ఒక్కరి గొంతుతోనే నేర్పి చూశారు. ఆ గొంతులో తేడా పట్టగలిగారు గాని, కొత్త మనిషి పలికితే మళ్ళీ తికమకే!

కనక రెండో సూత్రం: ఒకే గొంతుకు అలవాటు పడకూడదు. ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, పిల్లలూ, పెద్దలూ పలకగా వినాలి. ఒక్క ఉపాధ్యాయుడు అయిదు గొంతులతో మాట్లాడలేడు. యంత్రం యాభై గొంతులతో మాట్లాడుతుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు.

ఇప్పుడు మన ఊళ్ళో జరిగిన సంగతి వినండి. సుగత మిత్ర అనే శాస్త్రజ్ఞుడూ, జేమ్స్ టూలీ అనే ఇంగ్లండు ఆచార్యుడూ, మరి ఇద్దరూ కలిసి హైదరాబాదులో ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2003లో అచ్చయినాయి. పేద కుటుంబాల పిల్లలు చదివే ఒక ప్రైవేటు పాఠశాలలో 12 నుంచి 16 ఏళ్ళ వయసున్న పదహారుమందిని తీసుకొన్నారు. నలుగురేసి చొప్పున జట్లు కట్టారు. వాళ్ళ ముందు ఒక కంప్యూటరు పెట్టారు. అందులో ఇంగ్లీషు పాఠాలూ, కొన్ని ఇంగ్లీషు సినిమాలూ, చెప్పిన మాటను అక్షరాలుగా రాసే ఏర్పాటూ ఉన్నాయి. పిల్లలు చదివితే కంప్యూటరు రాయాలి. సరిగ్గా పలికితే సరిగ్గా రాస్తుంది, లేకపోతే ఏదో పిచ్చిరాత రాస్తుంది. ఉపాధ్యాయుల జోక్యం చాలా తక్కువ.

పిల్లలు ఏం చేశారు? ఒకడు చదివేవాడు, తక్కినవాళ్ళు వినేవాళ్ళు. “అలా కాదురా, ఇలా అను,” అని ఒకరికొకరు చెప్పుకొనేవాళ్ళు. కొద్ది నెలల్లోనే వాళ్ళ ఉచ్చారణ మెరుగుపడింది. యంత్రం ఇచ్చిన మార్కులూ, మనుషులు విని ఇచ్చిన మార్కులూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. పదహారుమందితో చేసిన ప్రయోగం చిన్నదే. దానితోనే అంతా తేలిపోయిందని అనరాదు. కాని ఒక మాట గుర్తుంచుకోదగ్గది: ఆ పిల్లలు యంత్రం ముందు నోరు మూసుకొని కూర్చోలేదు, ఒంటరిగానూ కూర్చోలేదు.

మాటను యంత్రం ఎలా రాస్తుంది? మీ గొంతు గాలిని కదిలిస్తుంది. ఆ కదలికను మైకు విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తును సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా రాసుకొంటారు. లక్షల మాటలు విని నేర్చిన అంకెల పోలికలతో యంత్రం వాటిని సరిచూసి, “ఇది ఫలానా మాట అయి ఉంటుంది,” అని ఊహిస్తుంది. పక్కనున్న మాటలను బట్టి కూడా ఊహిస్తుంది. అందుచేత వాక్యంలో తప్పు పలికినా ఒక్కొక్కసారి ఒప్పు రాసేస్తుంది.

ఊహించేది గనక అది పొరపడుతుంది కూడా. ఎవరి గొంతులు ఎక్కువగా విన్నదో వాళ్ళ మాటే దానికి బాగా తెలుస్తుంది. 2020లో అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల యంత్రాలను పరీక్షించారు. తెల్లవాళ్ళు మాట్లాడితే నూరు మాటలకు సగటున 19 తప్పులు రాశాయి. నల్లజాతి వాళ్ళు మాట్లాడితే 35 తప్పులు రాశాయి. మాట్లాడినది ఇద్దరూ ఇంగ్లీషే, అది ఇద్దరికీ సొంత భాషే! లోపం వాళ్ళ నోట్లో లేదు, యంత్రం విన్న పాఠంలో ఉన్నది. కాబట్టి యంత్రం తప్పన్నదల్లా తప్పు అనుకోకండి. ఎదుటి మనిషికి మీ మాట అర్థమైతే మీరు నెగ్గినట్టే.

చివరి సంగతి తోడు గురించి. 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ అనే ఆవిడ తొమ్మిది నెలల బిడ్డలకు చీనా భాష వినిపించింది. కొందరి ముందు చీనా భాష వచ్చిన మనుషులే కూర్చుని బొమ్మలతో ఆడించారు, పుస్తకాలు చదివారు. మరికొందరికి ఆ మనుషులనే టెలివిజనులో చూపారు. ఒక్కొక్కటి ఇంచుమించు 25 నిమిషాల చొప్పున, పన్నెండు విడతలు జరిగాయి. మనుషుల దగ్గర కూర్చున్న బిడ్డలు చీనా శబ్దాల తేడా పట్టగలిగారు. టెలివిజను చూసిన బిడ్డలకు ఏమీ రాలేదు! మాట అదే, మనిషీ అదే, వెచ్చించిన కాలమూ అదే.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2018లో అదే బృందం పసిపిల్లలకు, తాకితే ఆడే తెర ఒకటి ఇచ్చింది. బిడ్డ తాకితే అందులో చీనా మాటలు వస్తాయి. ఒంటరిగా ఆడిన బిడ్డల కన్న, పక్కన మరొక బిడ్డ ఉండగా ఆడినవాళ్ళ మెదడులో నేర్చిన గుర్తులు బాగా కనిపించాయి. పక్కనున్నది పండితుడు కాదు, మరొక పసిబిడ్డే! మీరు పసిబిడ్డలు కారు, నిజమే. కాని తోడు ఉంటే మనసు మేలుకొని ఉంటుందని మీ బడి అనుభవమే చెప్పటం లేదా?

ఇంట్లో చేసి చూడండి

ఒకటి: మీ ఇంగ్లీషు వాచకంలోంచి యాభై మాటల భాగం ఒకటి ఎంచుకోండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కూర్చుని, ఫోనులో మైకు బొమ్మ నొక్కి ఒకరి తరవాత ఒకరు చదవండి. యాభైలో ఎన్ని సరిగ్గా రాసిందో లెక్క పెట్టి తారీఖు వేసి నోటుపుస్తకంలో రాయండి. రాయని మాటను తోటివాడు విని, అర్థమైందో లేదో చెప్పాలి. వారానికి రెండుసార్లు చొప్పున నెల రోజులు చేయండి. నవ్వటం నిషేధం. నవ్వినవాడు ఆ భాగం రెండుసార్లు చదవాలి.

రెండు: దీనికి ఫోను అక్కరలేదు, చెప్పుల అట్టపెట్టె చాలు. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకంలో ఈ ఉపాయం చెప్పాడు. పెట్టెలో అట్టముక్కలతో అయిదు గదులు చేయండి. చీటీకి ఒకవైపు తెలుగు మాట, రెండోవైపు దాని ఇంగ్లీషు మాట రాసి, అన్నీ మొదటి గదిలో వేయండి. తెలుగు చూసి ఇంగ్లీషు చెప్పాలి. చెప్పగలిగితే చీటీ తరవాతి గదికి పోతుంది. తప్పితే ఎక్కడున్నా మొదటి గదికి తిరిగి వస్తుంది. మొదటి గది రోజూ చూడాలి. రెండోది రెండు రోజులకు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, అయిదోది పదిహేను రోజులకు చూస్తే సరి. వచ్చిన మాట అరుదుగా, రాని మాట తరచుగా మీ ఎదటికి వస్తుంది. ఫోనులో మాటలు నేర్పే పాఠాలు చాలావరకు చేసేదీ ఈ లెక్కనే.

పెద్దలకు ఒక మాట

పిల్లవాడి చేతికి ఫోనిచ్చి తలుపు దగ్గరగా వేసి వెళ్ళకండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని, “ఇవ్వాళ నేర్చుకొన్న మాటలు నాకు చెప్పు,” అని అడగండి. చీటీలో తెలుగు వైపు చూసి మీరు అడుగుతూ ఉంటే, వాడు చెబుతూ ఉంటాడు. పైన చెప్పిన స్వాహిలీ పాఠంలో మేలు చేసినది ఆ అడగటమే. మాటలను అక్షరాలుగా రాసే ఏర్పాట్లు చాలావరకు గొంతును కంపెనీ యంత్రాలకు పంపుతాయి. అందువల్ల ఇంటి సంగతులు దానితో చెప్పనివ్వకండి, పాఠం చదివిస్తే చాలు. పిల్లవాడు తప్పు పలికినప్పుడు చుట్టాల ముందు నవ్వకండి. భయపడిన నోటిని ఏ యంత్రమూ తెరిపించలేదు.

పిల్లలూ! నెల రోజుల తరవాత మీ నోటుపుస్తకంలో మొదటి రోజు లెక్కా, చివరి రోజు లెక్కా చూసి, ఎన్ని మాటలు పెరిగాయో మాకు రాయండి. పెరగకపోయినా రాయండి. ఏ మాట దగ్గర యంత్రం మొండికేసిందో తప్పక రాయండి. అలాటి మాటలన్నీ పోగుచేసి, అవి పలికేటప్పుడు నాలుకా, పెదవులూ ఎక్కడ ఉండాలో మరొక నెలలో చెప్పుకొందాం.